రెండో బ్రేకు

వసంతకుమారి డ్రైవింగ్ స్కూలు సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి మొదలైంది, తొమ్మిదీ పదికల్లా చిక్కులో పడింది.

స్కూలంటే పెద్ద హంగేమీ లేదు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో వాళ్ళుండే అపార్ట్‌మెంట్ పార్కింగులో ఆమె సొంత కరోలా కారు, దాని నెత్తిన అయస్కాంతంతో అతుక్కునే పసుపుపచ్చ బోర్డు, పక్క సీటు కాళ్ళ దగ్గర గార్లండ్‌లోని మెకానిక్ కొత్తగా బిగించిన రెండో బ్రేకు, మామూలు అద్దం పక్కన ఆమె కోసం ఇంకో చిన్న అద్దం. స్టేట్ వాళ్ళిచ్చిన స్కూలు లైసెన్సు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. ముందురోజు ఆదివారం పాస్టరుగారు కారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన కూడా చేశారు. "నేర్చుకునేవారికి ధైర్యమును, నేర్పేవారికి ఓర్పును దయచేయుము" అని ఆయన అన్నప్పుడు వసంతకుమారి అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. ఆ ధైర్యమేదో తనక్కూడా కాస్త అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

ఎందుకంటే, ఆమె భర్త ఆమోసు ఉత్సాహం పట్టలేక చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన పెట్టాడు. 'లోకల్, పార్కింగ్, హైవే. అన్నీ తెలుగులో, ఓర్పుతో నేర్పబడును.'

"ఏమండీ, ఇందులో హైవే అని ఎవరు పెట్టమన్నారు?"

ఆమోసు కాఫీ కప్పులోంచి తలెత్తాడు. "డ్రైవింగ్ స్కూలన్నాక హైవే లేకపోతే ఎలా వసంతా? ఇడ్లీ ఉంది, చట్నీ లేదన్నట్టుంటుంది."

"నేను హైవే ఎక్కనని మీకు తెలీదూ?"

"నువ్వెక్కక్కర్లేదుగా! నడిపేది వాళ్ళు. నువ్వు పక్కన కూర్చుంటావు, అంతే."

ఈ మనిషితో వాదించడం దండగ. ఎనిమిదేళ్ళు ఇంకొకరి డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పిన వసంతకుమారి హైవే ఎక్కదన్న సంగతి ఇంట్లో తప్ప బయట ఎవరికీ తెలియదు. టెక్సస్‌లో ఆ మాత్రం దాచుకోవడం కష్టం కాదు. హైవే పక్కనే చాలాచోట్ల సర్వీస్ రోడ్డు ఉంటుంది, అది లేనిచోట లోపలి రోడ్లుంటాయి. ఓపిక ఉంటే వాటిమీద ఎక్కడికైనా పోవచ్చు. ప్లేనోలో ఉన్న చర్చికి ఆమోసు ఆదివారం తన డోలక్ తీసుకుని అరగంటలో వెళ్ళిపోతాడు. వసంతకుమారి పలావు ట్రే సీటుబెల్టుతో కట్టి, వెనకాల బయలుదేరి గంటా పది నిమిషాలకి చేరుకుంటుంది. పలావు ఎందుకు చల్లారిపోయిందని చర్చిలో ఎవరూ అడగలేదు, మర్యాదస్తులు.

పాత స్కూలు ఓనరు ఇండియన్ ఆడవాళ్ళ పేర్ల పక్కన 'లోకల్ ఓన్లీ' అని రాసేవాడు. "గ్రోసరీ, పిల్లల స్కూలు, గుడో చర్చో. వీళ్ళకి హైవే దేనికి?" అనేవాడు. ఎంత అన్యాయం అని వసంతకుమారి ఇంటికొచ్చి తిట్టేది. అక్కడ మాత్రం ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. అలా రాసిన పేర్లన్నీ ఆమెకే వచ్చేవి, ఆ పాఠాల్లో హైవే ఉండేది కాదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"నమస్తే ఆంటీ, నా పేరు హంసికండి. మీ మెసేజ్ నాకు ఫార్వర్డ్ అయింది. హైవే నేర్పుతారని ఉంది, నిజంగా నేర్పుతారా అండి? శుక్రవారం నాకు డ్రైవింగ్ టెస్టు. వచ్చే సోమవారం నుంచి ప్లేనోలో ఉద్యోగం. ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున్న ఏడింటికల్లా ఉండాలి. మా ఆయన సృజన్ ఆరింటికే ఫోర్ట్‌వర్త్ వెళ్ళిపోతారు. జార్జ్ బుష్ హైవే మీద అరగంటేనట కదండీ?"

మొట్టమొదటి స్టూడెంటు. కాదంటే స్కూలు మొదటిరోజే మూతపడినట్టు. అవునంటే అబద్ధం. వసంతకుమారి ఆమోసు వైపు చూసింది. ఆయన బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు.

"నేర్పుతానమ్మా. ఎందుకు నేర్పను!" అంది.

*

మంగళవారం తెలిసిందేమిటంటే, హంసికకి కారు నడపడం వచ్చు, ఆపడం రాదు.

ఇరవయ్యేడేళ్ళ పిల్ల, ఊరు తణుకు. స్టీరింగు మీద చేతులు కుదురుగా ఉన్నాయి, చూపు దూరంగా ఉంది, మలుపులు వెన్నలా తిప్పుతోంది. తీరా స్టాప్ బోర్డు దగ్గరికొచ్చేసరికి కారు నెమ్మదించి, నాలుగు వైపులా చూసి, మర్యాదగా జారుకుంటోంది. ఇంతకుముందు రెండుసార్లు టెస్టు పోయింది ఇందుకే.

"ఆగలేదు," అంది వసంతకుమారి.

"ఆగేనండి ఆంటీ!"

"నువ్వు ఆగేవు. కారు ఆగలేదు."

"ఎవరూ లేరు కదండీ. ఎవరికోసం ఆగాలి?"

ఇది మన ఊళ్ళలో బండి నడిపి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్నే. వసంతకుమారి దీనికి ఎన్నడూ చట్టం చెప్పదు. "సీటుకి వీపు ఆనించు. ఇప్పుడు బ్రేకు మెల్లిగా తొక్కు. పూర్తిగా ఆగినప్పుడు సీటు నీ వీపుని ఇంతే, ఇంత, వెనక్కి లాగుతుంది. అది తెలిసేదాకా నువ్వు ఆగనట్టే. తెలిశాక పైకి అను: ఆగేను, చూసేను, వెళ్తున్నాను."

"పైకి అనాలా?"

"పైకే. టెస్టు పెట్టే ఆయనకి తెలుగు రాదు, ఏదో ప్రార్థన చేసుకుంటోంది పాపం అనుకుంటాడు."

హంసిక పకపకా నవ్వింది. ఆ పేటలో స్టాప్ బోర్డుల చుట్టూ రెండు గంటలు తిరిగారు. ఆగేను, చూసేను, వెళ్తున్నాను. కుక్కని తిప్పుతున్న ఒక ముసలాయన వీళ్ళని నాలుగోసారి చూసినప్పుడు చెయ్యి ఊపాడు. పాఠం అయ్యేసరికి హంసిక వీపుకి సంగతి తెలిసిపోయింది.

అంతసేపూ వసంతకుమారి కుడికాలు రెండో బ్రేకు మీద అంగుళం ఎత్తున అలాగే గాల్లో ఉంది. సాయంత్రం పిక్క పట్టేసింది. ఆమోసు కొబ్బరినూనె రాస్తూ, "అమ్మాయి ఎలా నడుపుతోంది?" అన్నాడు.

"బంగారంలా నడుపుతోంది. అదే నా భయం."

*

బుధవారం పార్కింగు. రెండు కార్ల మధ్య దూర్చడానికి వసంతకుమారి కార్లు వాడదు, ఇంట్లోంచి రెండు ఎర్ర బట్టల బుట్టలు తెస్తుంది. వాటిలో నిండా ఉతకాల్సిన బట్టలుంటాయి, గాలికి కదలకుండా. మొదటిసారి హంసిక వెనక బుట్టని బోర్లా కొట్టింది. ఆమోసు లుంగీ పార్కింగులో ఎగిరింది. ఆరోసారికి కారు రెండు బుట్టల మధ్యా కొలిచి పెట్టినట్టు కూర్చుంది.

"ఇవాళ ఇంకా గంట ఉంది కదా ఆంటీ, హైవే ఎక్కుదామా?"

వసంతకుమారి ఆకాశం వైపు చూసింది. ఎక్కడో ఒక మూల చిన్న మబ్బు కనిపించింది. ప్రభువుకి స్తోత్రం అనుకుంది.

"వాన వచ్చేలా ఉందమ్మా. కొత్తలో తడిరోడ్డు మంచిది కాదు. రేపు చూద్దాం."

హంసిక కూడా ఆ మబ్బుని చూసింది. ఇద్దరూ దగ్గర్లో ఇండియన్ గ్రోసరీకి వెళ్ళారు, అక్కడి పార్కింగులో దూర్చడం కూడా ఒక పాఠమేనని.

కొట్టు గుమ్మం దగ్గర కరివేపాకు కట్టలు ఏరుతున్న ఒకామె గభాలున వచ్చి వసంతకుమారి చెయ్యి పట్టుకుంది. "అక్కా! గుర్తున్నానా? విద్యని. ఐదేళ్ళ క్రితం నేర్పించారు." హంసిక వైపు తిరిగింది. "మీరు లక్కీ అండీ. అక్క దగ్గర నేర్చుకుంటే జన్మలో ఆక్సిడెంట్ అవదు. ఇప్పటికీ స్టాప్ దగ్గర 'ఆగేను, చూసేను' అంటాను. మా అమ్మాయి అవని వెక్కిరిస్తుంది."

వసంతకుమారి ముఖం వెలిగిపోయింది. ఎవరి ముఖమైనా వెలుగుతుంది.

"ఎలా ఉన్నావమ్మా? ఉద్యోగం ఏమైనా చేస్తున్నావా?"

"ఇక్కడే మా అవని స్కూలు కాంటీన్లో అక్కా. మొన్న ప్లేనోలో అకౌంట్స్ జాబ్ వచ్చింది, నేను చదువుకున్నదే. వద్దనేశాను. హైవే ఎక్కాలి కదా, రోజూ." విద్య నవ్వుతూనే చెబుతోంది. "మీరు అప్పుడే చెప్పారుగా, మనకి హైవే ఎందుకమ్మా, లోపల్నించి పోతే ఎక్కడికైనా పోవచ్చు అని. ఆ మాట పట్టుకునే ఉన్నాను. హాయిగా ఉన్నాను అక్కా, మీ దయ వల్ల."

ఒక కరివేపాకు కట్ట బలవంతంగా వసంతకుమారి సంచిలో వేసి, విద్య సామాన్ల బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

వసంతకుమారి అక్కడే నిలబడింది. లోకల్ ఓన్లీ అని కాగితం మీద రాసింది ఆ ఓనరే. కాని ఆ మాటని ఒకావిడ మనసులో, అదీ ఓర్పుగా, తెలుగులో, చెరిగిపోకుండా రాసింది ఎవరు? ఆమెకి చెమటలు పట్టాయి. కొట్టులో ఏసీ బాగానే ఉంది.

*

గురువారం ఒక్క మబ్బూ లేదు.

బెల్ట్‌లైన్ రోడ్డు మీద హంసిక నిదానంగా నడుపుతోంది. ముందు కుడివైపు హైవే మీదికి ఎక్కే దారి, దాని మీద ఆకుపచ్చ బోర్డు. "ఎక్కమంటారా ఆంటీ?" అంటూనే హంసిక కుడి సిగ్నల్ వేసింది.

ఇవాళ ఎక్కించాలనే వసంతకుమారి ఇంటినుంచి బయలుదేరింది. రాత్రంతా విద్య మాటలే చెవిలో ఉన్నాయి. ఎక్కు అని నోటిదాకా వచ్చింది. పైనుంచి లారీల హోరు వినిపించింది.

"నేరుగా పో! నేరుగా పో!" అని అరిచింది. నోటికంటే ముందు కాలు పనిచేసింది. రెండో బ్రేకు పడింది. కారు దారి మొదట్లో గుండె ఆగినట్టు ఆగింది. వెనకనుంచి ఎవడో హారను మోగించాడు. తిట్టాడు కూడా, అద్దంలో కనిపించింది.

హంసిక కంగారుపడలేదు. సిగ్నల్ మార్చి, వెనక చూసి, నేరుగా పోయి పక్కనున్న గ్యాస్ స్టేషన్లో ఓ వారగా కారు పెట్టింది. ఇంజను ఆపింది.

"ఆంటీ, ఒకటి అడగనా? కోప్పడకండి. మీరు హైవే ఎక్కరు కదా?"

వసంతకుమారి అబద్ధం వెతుక్కుంది. ఈసారి ఒక్క మబ్బయినా దొరకలేదు.

"పదకొండేళ్ళయింది," అంది.

"ఏమైనా జరిగిందా అండి? ఆక్సిడెంటా?"

"ఏమీ జరగలేదు. అదే సిగ్గు. ఏదైనా జరుగుతుందేమోనని ఒకరోజు ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు. తర్వాత ఎక్కకపోవడం అలవాటైపోయింది." ఆమె పర్సు తెరిచింది. "నీ ఫీజు ఇచ్చేస్తాను. నాకు తెలిసిన ఒకాయన మంచి ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు, ఇవాళే మాట్లాడి పెడతాను. స్కూలు పెట్టి నాలుగు రోజులు కాలేదు, మొదటి స్టూడెంటునే మోసం చేశాను. నిన్న ఆ విద్యని చూశావుగా. ఆమెనీ అంతే."

హంసిక పర్సు మీద చెయ్యి పెట్టి మూసేసింది. "తణుకు నుంచి తాడేపల్లిగూడెం మూడేళ్ళు స్కూటీ మీద వెళ్ళేను ఆంటీ, డ్యూటీకి. నేషనల్ హైవే. ఇటొక కంకర లారీ, అటొక చేపల లారీ, మధ్యలో నేను. చేపల లారీ నీళ్ళు మీద పడేవి. ఇక్కడి లారీలు సిగ్నల్ వేసి మరీ పక్కకొస్తాయి. వాటికి నేను భయపడతానా అండి?"

"మరి హైవే నేర్పుతారా అని నన్నెందుకు అడిగావు?"

"లైసెన్సు లేకుండా ఒక్కదాన్నే ఎక్కలేను కదండీ. పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి." హంసిక నాలిక కరుచుకుంది. "అంటే, మీరు ఎవరో ఒకరని కాదు. రెండుసార్లు టెస్టు పోయింది నాకు. ఇద్దరు నేర్పేరు. ఆగు ఆగు అన్నారు కానీ ఆగడమంటే ఏంటో చెప్పింది మీరొక్కరే. రేపు టెస్టు కానివ్వండి. ఆగడం మీరు నేర్పేరు, ఎక్కడం నేను చూపిస్తాను. చెల్లుకి చెల్లు."

వసంతకుమారికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఏది ముందు తుడుచుకోవాలో తెలియక పర్సులోంచి టిష్యూ తీసి రెండూ తుడుచుకుంది.

*

శుక్రవారం పది గంటలకి హంసిక టెస్టుకి వెళ్ళింది. వసంతకుమారి టెస్టు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఎవరికీ అర్థం కానంత వేగంగా ప్రార్థన చేసింది. ఇరవై నిమిషాలకి కరోలా తిరిగొచ్చింది. దాంట్లోంచి దిగిన పొడుగాటి ఆయన కాగితం మీద సంతకం పెడుతూ, ఈ అమ్మాయి ప్రతి స్టాప్ దగ్గరా ఏం చదివింది అని అడిగాడు. "మా స్కూలు పద్ధతి," అంది వసంతకుమారి ఇంగ్లీషులో, మహా దర్జాగా.

పాసైంది. ఇద్దరూ కౌగలించుకున్నారు. హంసిక భర్తకి ఫోను చేసి కేకలు పెట్టింది. తర్వాత తాళాలు వేలికి తిప్పుతూ వచ్చింది.

"ఇప్పుడు నా వంతండి."

ప్లేనో పోయేటప్పుడు హంసిక నడిపింది. ఎక్కే దారి మీదే వేగం పెంచింది. "లారీవాడు మనల్ని చూశాడా లేదా అని వాడి మొహం చూడకూడదు ఆంటీ. వాడి వేగం చూడాలి. మన వేగం దాంతో కలిపేస్తే చోటు దానంతటదే వస్తుంది. చూడండి, వచ్చింది." వచ్చింది. వసంతకుమారి బ్రేకుకి దూరంగా కాలు పెట్టుకుని తలుపు పిడి పట్టుకుంది. కేరల్టన్ ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియలేదు. లోపలి రోడ్ల మీద ఆ ఊరొక్కటే ఆమెకి పద్దెనిమిది సిగ్నళ్ళు.

ప్లేనోలో హంసిక పనిచేయబోయే ల్యాబ్ ముందు కారు ఆపి సీట్లు మారారు. వసంతకుమారి స్టీరింగు ముందు కూర్చుంది. పక్కసీట్లో, ఎప్పుడూ తను కూర్చునే సీట్లో, రెండో బ్రేకు ముందు హంసిక.

"నేను తప్పు చేస్తే తొక్కేయ్," అంది వసంతకుమారి.

"అలాగేనండి."

హైవే దారి ఎక్కుతుంటే అరచేతులు జారుతున్నాయి. ఎడమపక్క ఒక పెద్ద లారీ, దాని వెనక ఖాళీ, ఆ ఖాళీ వెనక ఇంకొకటి. తన వీపు సీటుకి ఆనలేదని గమనించి ఆనించింది. వేగం పెంచింది. యాభై, యాభై ఐదు, అరవై మైళ్ళు. లారీ మొహం చూడలేదు. సిగ్నల్ వేసి, తల తిప్పి చూసి, "చూసేను, వెళ్తున్నాను," అని పైకి అంది.

వెళ్ళింది. కారు కలిసిపోయింది. హారను మోగించినవాళ్ళు లేరు.

కాస్త ఊపిరి అందాక కుడివైపు కిందికి ఒక్క క్షణం చూసింది. హంసిక చెప్పులు విడిచేసి, రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుని సీటు కిందికి ముడుచుకుని కూర్చుంది. రెండో బ్రేకు దగ్గర రెండు చెప్పులు తప్ప ఏమీ లేవు.

"నువ్వు బ్రేకు మీద కాలే పెట్టలేదే!"

"అవసరం రాలేదండి. రోడ్డు చూడండి ఆంటీ."

ఎనిమిదేళ్ళలో తను ఎవరి పక్కన అలా కూర్చుంది? ఒక్కరి పక్కనా లేదు. వసంతకుమారి రోడ్డు చూసింది.

*

ఆదివారం ఆమోసు యథాప్రకారం పన్నెండున్నరకి డోలక్ తీసుకుని వెళ్ళిపోయాడు. హైవే ఎక్కిన సంగతి వసంతకుమారి ఆయనకి చెప్పలేదు. అలవాటు కొద్దీ ఎప్పటి టైముకే, పన్నెండూ నలభై ఐదుకి, చికెన్ పలావు ట్రేకి సీటుబెల్టు కట్టి బయలుదేరింది. రెండింటి ఆరాధనకి ఒకటీ ఇరవైకే చర్చి పార్కింగులో ఉంది.

లోపల డోలక్ మోగుతోంది. కిటికీలోంచి ఎవరు చూశారో, మోత సగంలో ఆగిపోయింది. ఆమోసు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది వసంతా? ఇంటినుంచి బయల్దేరలేదా? కారు పాడైందా?"

బయల్దేరకుండా ఇక్కడికెలా వస్తానండీ అని అడగాలనిపించింది, కాని ఆయన మొహం చూస్తే జాలేసింది. "ఏమీ కాలేదు. జార్జ్ బుష్ మీద వచ్చాను."

ఆమోసు వాచీ చూశాడు. కారు చూశాడు. భార్యని చూశాడు. ఏం చెయ్యాలో తోచక ట్రే అందుకుని, వెంటనే "అబ్బా!" అని చేతులు మార్చుకున్నాడు.

"వేడిగా ఉందే!"

"పలావన్నాక వేడిగా ఉండదూ?"

"ప్రైజ్ ద లార్డ్," అని ఆమోసు గట్టిగా అని, ఆ ట్రేని కప్పు గెలుచుకొచ్చినవాడిలా ఎత్తిపట్టుకుని లోపలికి నడిచాడు. రెండు నిమిషాల్లో డోలక్ మళ్ళీ మొదలైంది, ముందుకంటే బాగా హుషారుగా.

ఆరాధనకి ఇంకా అరగంట పైనే ఉంది. ఇంత టైము ఆమెకి ఆదివారం ఎప్పుడూ మిగల్లేదు. వసంతకుమారి కారులోనే కూర్చుని సంచిలోంచి ఒక పాత డైరీ తీసింది. ఎనిమిదేళ్ళుగా తన దగ్గర నేర్చుకున్నవాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు అందులో ఆమే రాసుకుంది. వేలు పెట్టి వెతికి ఒక పేరు దగ్గర ఆగి ఫోను చేసింది.

"విద్యా, నేనమ్మా, వసంతక్కని. ఆ ప్లేనో ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉందేమో కనుక్కుంటావా?"

"ఎందుకక్కా? ఎవరికైనా కావాలా?"

"నీకే. శనివారం పొద్దున్న వస్తాను, హైవే ఎక్కుదాం."

"అమ్మో. మనకెందుకక్కా హైవే? మీరేగా అన్నారు."

"అన్నాను. తప్పు చెప్పానమ్మా. నాకు భయమై నీకు వద్దన్నాను."

"నాకు నిజంగా భయం అక్కా."

"నాకూ భయమే. మొన్న భయంతోనే ఎక్కాను, ఇవాళ భయంతోనే వచ్చాను. పలావు మాత్రం వేడిగా చేరింది."

విద్య నవ్వింది. ఆ నవ్వులో సగం ఒప్పుకోలు ఉంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఫీజెంతక్కా?"

"నీ ఫీజు ఐదేళ్ళ క్రితమే కట్టేశావు. పాఠమే నేను సగంలో ఆపేశాను."

ఫోను పెట్టేసి, డైరీలో విద్య పేరు పక్కన శనివారం అని రాసుకుని, వసంతకుమారి దాని కిందున్న ఇంకో పేరు నంబరు నొక్కింది.